చేతిలో పెట్టిన రొట్టె

మెన్నియాస్ ఎడమ మణికట్టుకి నాలుగేళ్లుగా ఒక ఉన్ని పట్టీ ఉండేది. ఎర్రటిది, నాలుగు వేళ్ల వెడల్పు. ఉన్ని ఉతికేటప్పుడు తడిసేది, ఎండకు ఆరేది, మళ్లీ తడిసేది. దాన్ని విప్పగా మాత్రం ఎవరూ చూడలేదు. "ఆ చెయ్యేమన్నా విరిగిందా ఏంటి?" అని ఎవరైనా అడిగితే, "ఎప్పుడో కాలిందిలే" అనేవాడు. అందులో అబద్ధం లేదు. సూదులు ఎర్రగా కాల్చి పొడిచిన ముద్ర అది. పొడిచింది పెస్సినూస్‌లో అమ్మవారి గుడి పూజారులు. అప్పుడతనికి పంతొమ్మిదేళ్లు.

ఆ ముద్ర ఎవరికి వేస్తారో ఆ దేశంలో తెలియనివాళ్లు లేరు. వసంతంలో నెత్తుటి పండగనాడు డప్పులూ పిల్లంగోవులూ చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, ఒళ్లు తెలియని పూనకంలో తన మగతనాన్ని తన కత్తితోనే కోసి అమ్మవారి పాదాల ముందు పెట్టినవాడికి వేస్తారు. మర్నాడే మెన్నియాస్ తండ్రి కబురు పంపాడు, నా కొడుకు చచ్చిపోయాడు, ఇక ఈ ఇంటి వైపు రావద్దని. అక్కడితో సరి. ఆ తర్వాత పన్నెండేళ్లు పసుపు బట్టలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని, డప్పు కొట్టుకుంటూ ఊరూరా అడుక్కుతిన్నాడు.

ఇలా కోసుకున్న అమ్మ మనుషులకు జనం రొట్టె ఎలా పెడతారో తెలుసా? చేతికివ్వరు. కాస్త దయ ఉన్న ఇల్లాళ్లు గడప పక్క రాతి మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తారు. అదీ లేనివాళ్లు దుమ్ములోకి విసురుతారు. ఆ చెయ్యి తగిలితే కడుపు నిలవదనీ, గాదెలో గోధుమ మొలకెత్తదనీ భయం. పోనీ పెట్టడం మానేద్దామంటే అమ్మ శపిస్తుందని ఇంకో భయం. వాడు ఆ రొట్టె తీసుకుని దుమ్ము దులుపుకుని వీధంతా వినపడేలా కేకెయ్యాలి: "అమ్మ మీ గడపను చల్లగా చూడాలి!" ఆ కేక విన్నాకే లోపలివాళ్లు ఊపిరి పీల్చుకుని తలుపేసుకుంటారు. పన్నెండేళ్లలో ఒక్క గృహస్థుడి చెయ్యి మెన్నియాస్ చేతికి తగల్లేదంటే నమ్మండి.

అలాంటివాడు ఒక మిట్టమధ్యాహ్నం ఈకొనియలో రంగులద్దే మత్తన్యా గుమ్మం ముందు నిలబడ్డాడు. మత్తన్యా యూదుడు. యూదుల వీధిలోకి అమ్మ మనుషులు వెళ్లరు, వెళితే రొట్టెలు కాదు, రాళ్లు పడతాయి. మెన్నియాస్‌కి ఆ ఊరు కొత్త, దారి తప్పి వెళ్లాడు. తలుపు తీసిన మత్తన్యా చేతులు మోచేతుల దాకా మంజిష్ఠ రంగుతో ఎర్రగా ఉన్నాయి. మనిషిని ఎగాదిగా చూశాడు. లోపలికి వెళ్లి రొట్టె తెచ్చాడు. మెన్నియాస్ అలవాటు కొద్దీ రాయెక్కడుందో వెతుక్కుంటూ వెనక్కి జరిగాడు. మత్తన్యా ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో రొట్టె పెట్టి, వేళ్లు ముడిచాడు.

మెన్నియాస్‌కి తన ముడిచిన వేళ్లు తనవేనా అనిపించింది. తేరుకుని, "అమ్మ మీ గడపను..." అని మొదలుపెట్టాడు.

"ఆ కేక ఈ ఇంటి ముందు వద్దు తమ్ముడూ. ఆకలి మీదున్నావు, ముందు తిను," అన్నాడు మత్తన్యా.

తమ్ముడూ అన్నాడు. మెన్నియాస్ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత మత్తన్యా చెప్పిన సువార్తలో సగం అతని బుర్రకెక్కలేదు. అభిషిక్తుడంటే ఎవరో, దావీదు వంశమేమిటో అతనికేం తెలుసు! బుర్రకెక్కింది ఒకటే. రోమావాళ్లు మేకులు కొట్టి చంపిన ఒకాయన్ని దేవుడు లేపాడు, ఆయన బల్ల దగ్గర ఇక ఎవరినీ గెంటరు. అది కూడా మాటల వల్ల ఎక్కలేదు, అరచేతిలో పెట్టిన రొట్టె వల్ల ఎక్కింది.

"మరి నేను నా ఒంటికి చేసుకున్నది?" అని అడిగాడు.

"నీలో ఇక కొయ్యాల్సిందేమీ లేదు, అతికించాల్సిందేమీ లేదు. ఉన్నవాడివి ఉన్నట్టే రా."

వాగులో ముంచి బాప్తిస్మమిచ్చి, గట్టెక్కాక ఆ ముద్ర కనపడకుండా తను రంగువేసిన ఉన్ని పట్టీని మత్తన్యాయే కట్టాడు. "ఈ సంగతి నాకూ, షెలోమీతుకీ, పైనున్న దేవుడికీ తెలుసు. నాలుగోవాళ్లకి తెలియదు, నా నోటి నుంచి రాదు," అన్నాడు. షెలోమీతు అతని భార్య. ఆవిడ అతని పాత పసుపు బట్టలు పొయ్యిలో పెట్టి, భర్తదే ఒక చొక్కా తెచ్చిచ్చింది. అప్పటి నుంచీ మెన్నియాస్ రంగుల కొట్టంలోనే పని చేస్తూ, అక్కడే పడుకుంటూ, వాళ్లింట్లో మనిషయ్యాడు.

సంఘంలో ఇరవై మందికి పైనే ఉండేవాళ్లు, సగం యూదులు, సగం ఊరివాళ్లు. వారం మొదటి రోజు పొద్దువాలే ముందు మత్తన్యా పెరట్లో అందరూ గుండ్రంగా చాపల మీద కూర్చునేవాళ్లు. మత్తన్యా రొట్టె విరిచి పక్కవాడి చేతిలో పెట్టేవాడు. వాడు విరిచి తన పక్కవాడి చేతిలో పెట్టేవాడు. అలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి చుట్టంతా తిరిగి రావాలి. బల్ల మీద పెట్టి తీసుకోమనడం లేదు, అది ఆ ఇంటి పద్ధతి. మొదటి ముక్క ఎప్పుడూ మెన్నియాస్‌దే. అతని చేతి నుంచి కసాయి కాస్తోరుకి వెళ్లేది. కాస్తోరుకి నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

"ఒరేయ్ మెన్నియాసూ, నీ గడ్డాన్ని ఏ మేక మేసిందిరా?" అనేవాడు ప్రతి వారం. అందరూ నవ్వేవాళ్లు. మెన్నియాస్ కూడా నవ్వేవాడు. నవ్వుతూనే పట్టీ ఒకసారి సర్దుకునేవాడు.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఆ ఏడు ద్రాక్షకోతలయ్యాక యెరూషలేము నుంచి హిల్కీయా అనే పెద్దాయన వచ్చాడు. చెడ్డవాడని మాత్రం అనను. గాడిద కూడా లేకుండా అంత దూరం నడిచొచ్చిన మనిషి. వచ్చిన రోజే పక్కవీధి ముసలమ్మ జ్వరంతో ఉందంటే రెండు పూటలు ఆమె దగ్గరే కూర్చున్నాడు. యేసు పేరెత్తితే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కానీ ఆ వారం రొట్టె విరిచేటప్పుడు మాత్రం ఆయన కూర్చోలేదు. గోడ పక్కన నిలబడ్డాడు. తిండి అయ్యాక మాట్లాడాడు.

"మిమ్మల్ని తక్కువ చెయ్యడానికి రాలేదు బాబూ. అభిషిక్తుడు మా పితరులకు దేవుడిచ్చిన మాట చొప్పున వచ్చాడు. ఆ ఇంట్లోకి మీరూ వస్తామంటున్నారు, సంతోషం. ఇంటికో తలుపుంటుంది కదా, గోడ దూకి వస్తామంటే ఎలా? మగవాళ్లు సున్నతి చేయించుకోండి. అబ్రాహాము పిల్లలవ్వండి. అప్పుడు నేనే మీ పక్కన కూర్చుని తింటాను."

కాస్తోరు ఊరుకుంటాడా? "అయ్యా పెద్దాయనా, మా దేశంలో దేవుడి పేరు చెప్పి కోసుకునేది అమ్మ మనుషులొక్కళ్లే. వాళ్లకి దణ్ణంపెట్టి మీ దగ్గరికొస్తే మీరూ కత్తే తీశారేంటి?"

పెరడంతా పగలబడి నవ్వింది. మెన్నియాస్ ఒక్కడే నవ్వలేకపోయాడు.

"వాళ్లది తెంపుకోవడం నాయనా, ఇది దేవుడితో ముడిపడటం. రెండూ ఒకటి కాదు," అన్నాడు హిల్కీయా కోపం లేకుండా.

"కత్తికి ఆ తేడా తెలుసంటారా?"

"కత్తికి తెలియకపోవచ్చు. దేవుడికి తెలుసు." పెద్దాయన గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఇంకో మాట కూడా చెప్పాలి. మీరిక్కడ సున్నతి లేనివాళ్లతో కలిసి తింటున్నారని అక్కడిదాకా పాకింది. ఆ కోపం అక్కడి యూదులు మా మీద చూపిస్తున్నారు. మా తమ్ముడి కొడుకుని నడివీధిలో రాళ్లతో కొట్టారు. బతికాడు. ఒక కన్ను పోయింది. వాడికేం చెప్పమంటారో మీరే చెప్పండి."

దాంతో అందరి నవ్వూ ఆగిపోయింది. మత్తన్యా తలెత్తలేదు. సున్నతి లేనివాళ్లతో కలిసి తినే ఈ బల్ల కోసమే రెండేళ్ల క్రితం యూదుల సమాజమందిరంలో అతనికి ముప్పైతొమ్మిది దెబ్బలు కొట్టారు. ఆ వీపుకి నూనె రాసింది షెలోమీతు. వారం రోజులు బోర్లా పడుకున్న మనిషికి నీళ్లు తాగించింది మెన్నియాస్. మళ్లీ అలాంటి మాట వినపడితే ఈసారి కుటుంబంతో సహా వెలేస్తామని మందిరం పెద్దలు అప్పుడే చెప్పారు.

వచ్చే వారం మొదటి రోజుకి ఎవరెవరు సిద్ధమో చెప్పమని హిల్కీయా గడువిచ్చాడు.

మర్నాడు తొట్టె దగ్గర మెన్నియాస్ ఉన్నిని కర్రతో తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. మత్తన్యా పటిక నీళ్లు పోస్తున్నాడు.

"అన్నా, వాళ్లంతా ఒప్పుకుంటే నేనూ బట్ట విప్పాల్సిందేగా. కోసేవాడు చూస్తాడుగా. చూశాక నా బతుకేంటి?"

"పిచ్చోడా, దీని గురించా రాత్రంతా అటూ ఇటూ పొర్లావు? నేను లేనూ?"

"నాకు ఇంకెక్కడా ఇల్లు లేదన్నా. మా నాన్న దగ్గర నేను చచ్చినవాణ్ణి. గుడికి తిరిగి వెళ్తే ద్రోహి అని కొట్టి చంపుతారు. ఈ పెరడు పోతే నాకు చోటనేది లేదు."

మత్తన్యా కుండ కింద పెట్టి వచ్చి, ఎర్రటి చేత్తో అతని పట్టీ మీద తట్టాడు. "ఈ ముడి కట్టింది నేను. నీ సంగతి నా నోటి నుంచి రాదన్నాను, రాదు. ఆ రోజు రొట్టె ముందు నీ చేతిలోనే పడుతుంది. పని చూడు, ఉన్ని మాడుతోంది."

మెన్నియాస్ మనసు కుదుటపడింది. నమ్మడం తప్పా చెప్పండి? ఆ చెయ్యి ఎప్పుడూ అతనికి అబద్ధం చెప్పలేదు.

ఆ వారంలో ఒక్కొక్కరే హిల్కీయా దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నారు. కాస్తోరు అందరికంటే ఆఖరున వెళ్లి, "ఎద్దుల్ని కోసేవాణ్ణి, నా దాకా వచ్చేసరికి పారిపోతే నవ్వుతారు," అని గొణుక్కుంటూ వచ్చాడు. మత్తన్యా, హిల్కీయా రెండు సాయంత్రాలు తలుపేసుకుని మాట్లాడుకున్నారు. మెన్నియాస్ అనుకున్నాడు, అన్న నాకోసమే వాదిస్తున్నాడని. ఆ మాట తనకు తనే చెప్పుకుని హాయిగా పడుకున్నాడు కూడా.

వారం మొదటి రోజు పొద్దున షెలోమీతు రొట్టెల పిండి కలుపుతోంది. మెన్నియాస్ కట్టెలు తెచ్చి పడేశాడు. ఆవిడ తలెత్తకుండానే అంది:

"ఇవాళ నువ్వు చేలవైపు వెళ్లి గొర్రెలవాళ్ల దగ్గర ఉన్ని చూసి రాకూడదూ? పొద్దుపోయాక రావచ్చు."

"అదేంటి వదినా, బల్ల రోజున నేను లేకుండానా?"

ఆవిడ పిండిని గట్టిగా ఒత్తింది. "సరేలే. ఊరికే అన్నాను."

పొద్దువాలింది. మెన్నియాస్ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పెరట్లోకి వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే ఆగాడు. చాపలు గుండ్రంగా లేవు. అత్తిచెట్టు కింద ఒక వరస, అక్కడ హిల్కీయా, మత్తన్యా, మిగతా యూదులు. ఇటు వాకిలి వైపు ఇంకో వరస, అందులో కాస్తోరూ ఊరివాళ్లూ. రెండింటి మధ్య మూడడుగుల ఖాళీ నేల. అటు వేరే రొట్టెలు, ఇటు వేరే రొట్టెలు.

"అన్నా, నా చోటేది?" అన్నాడు మెన్నియాస్.

మత్తన్యా చేతిలోని రొట్టెనే చూస్తూ కూర్చున్నాడు. లేచింది హిల్కీయా. దగ్గరికొచ్చి, తండ్రి కొడుకుతో మాట్లాడినట్టు మెల్లగానే మాట్లాడాడు. కానీ అంత మంది నోరు మూసుకుని కూర్చున్న పెరట్లో మెల్లగా అన్నా ఒకటే, గట్టిగా అన్నా ఒకటే.

"మెన్నియాస్, నీ సంగతి మత్తన్యా చెప్పాడు నాయనా. వీళ్లందరికీ ఒక దారి ఉంది, గాయం మానగానే ఇటు వచ్చి కూర్చుంటారు. నీకా దారి లేదు. అమ్మవారికి కోసుకున్నవాడికి దేవుని సభలో చోటు లేదని మా ధర్మశాస్త్రం చెబుతోంది. అది నేను రాసింది కాదు. నువ్వు వాకిలి బయట కూర్చుని విను. దేవుడు దయగలవాడు, అక్కడి నుంచి కూడా వింటాడు."

ఎవరో "అమ్మ మనిషా?" అన్నారు. ఇంకెవరో ఉమ్మేశారు. కాస్తోరు నాలుగేళ్లుగా తను రొట్టె అందుకున్న చేతుల్ని చూశాడు, తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు. చూసుకుని వాటిని చొక్కాకి తుడుచుకున్నాడు. కావాలని చేశాడని అనుకోను, చెయ్యి దానంతటదే పోయి ఉంటుంది. అదే మెన్నియాస్ గుండెల్లో గుచ్చుకుంది.

అయినా అతను కాస్తోరు వైపు చూడలేదు, హిల్కీయా వైపూ చూడలేదు. "అన్నా, నువ్వు చెప్పు. ఈయనకి నేనెవరో తెలియదు. నీకు తెలుసు. కొయ్యాల్సిందేమీ లేదన్నావు, అతికించాల్సిందేమీ లేదన్నావు. అది సువార్త కాదా? ఊరికే నన్ను ఓదార్చడానికి అన్నావా?"

"నీ మంచికే చెప్పాను తమ్ముడూ," అన్నాడు మత్తన్యా ఎట్టకేలకు. "నిన్ను ఆ కత్తి నుంచి తప్పిద్దామని... నిన్నొక్కణ్ణీ వదిలెయ్యమని అడగడానికే చెప్పాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు. కొన్నాళ్లు ఓపిక పట్టు. ఈ గొడవ సద్దుమణగనీ. కొట్టంలో పనికీ పడకకీ ఏ లోటూ ఉండదు..."

"నేనడిగింది పడక గురించా?"

అవతల షెలోమీతు కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

"నా తండ్రి నన్ను చచ్చాడన్నాడు, నేను అర్థం చేసుకున్నాను, నేను చేసిన పని అలాంటిది," అన్నాడు మెన్నియాస్. "గుడివాళ్లు నన్ను వాడుకున్నారు, వాళ్లు మంచివాళ్లమని ఎప్పుడూ చెప్పలేదు. నాకూ చోటుందని నువ్వే కదన్నా చెప్పింది. నువ్వు చెయ్యి పట్టుకోకపోతే నాకు చెయ్యుందని కూడా మర్చిపోయేవాణ్ణి. ఎందుకు పట్టుకున్నావు మరి?"

అతను వెనక్కి తిరిగి వాకిలి దాటి బయటికి నడిచాడు.

వీధిలోకి నాలుగడుగులు వేశాడో లేదో వెనక చెప్పుల చప్పుడు. "తమ్ముడూ! ఆగు, తమ్ముడూ!" మత్తన్యా పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చేతిలో రొట్టె ఉంది. సగానికి విరిచింది, మొదటి సగం. మొహం మీద కన్నీళ్లు తుడుచుకోను కూడా లేదు.

మెన్నియాస్ ఆగిపోయాడు. ఛీ, అంత జరిగాక కూడా మనసు ఎంత వెర్రిదో చూడండి, అన్న వచ్చాడనుకున్నాడు. అన్నీ క్షమించేశాడు అప్పటికప్పుడు. రెండడుగులు ముందుకేసి అరచెయ్యి చాపాడు.

మత్తన్యా ఆ చేతి దాకా వచ్చాడు. అప్పుడు వెనక వాకిట్లో అలికిడైంది. తల తిప్పి చూశాడు. హిల్కీయా నిలబడి ఉన్నాడు, ఆయన వెనక కాస్తోరు, ఆ వెనక మిగతావాళ్లు. ఎదురింటి మిద్దె మీద నుంచి సమాజమందిరం పెద్ద ఒకాయన కూడా తొంగి చూస్తున్నాడు. మత్తన్యా చెయ్యి గాల్లోనే ఆగింది. చాపిన అరచేతిని ఒకసారి చూశాడు, మెన్నియాస్ కళ్లల్లోకి మాత్రం చూడలేకపోయాడు. వంగి, గడప పక్కనున్న రాతి మీద రొట్టె పెట్టాడు. పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

మెన్నియాస్ చాపిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. ఆ చేతి పట్టీ ముడి రెండో చేత్తో విప్పాడు. నాలుగేళ్లుగా తడిసీ ఎండీ బిగుసుకుపోయిన ముడి, చివరికి పళ్లతో లాగాల్సి వచ్చింది. దాన్ని రాతి మీద రొట్టె పక్కన పెట్టాడు. తర్వాత నిటారుగా నిలబడి, వాకిట్లో ఉన్నవాళ్లందరికీ, మిద్దె మీదాయనకీ వినపడేలా కేకేశాడు:

"అమ్మ మీ గడపను చల్లగా చూడాలి!"

నాలుగేళ్ల కిందట ఆ ఇంటి ముందు వద్దన్న కేక అది. ఈసారి మత్తన్యా వద్దనలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.